పేరు ఆఖరి గడిలో

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పెదనాన్న తమలపాకు తోటలో నిలబడి ఒక్క గడి నింపలేక అరగంట ఆగిపోయాను.

ఊరు పొన్నూరు దగ్గర. తోట ముప్పై సెంట్లు. బయట డొంకలో ఎండ కళ్ళలో పొడుస్తున్నా, తోటలో అడుగుపెడితే మసక, చల్లదనం, తడిమట్టి వాసన. అవిశె చెట్లు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో చెట్టునీ పట్టుకుని పైకి పాకిన తమలపాకు తీగ. వరసల మధ్య సన్నటి కాలవల్లో నీళ్ళు. ముందు అవిశె గింజలు వేసి, మొక్కలు నిలదొక్కుకున్నాక తీగ నాటుతారు. తీగ ఎదిగే కొద్దీ చెట్టుకి కట్టుకుంటూ పోతారు. పైన కొమ్మలు మరీ కమ్ముకుంటే నరికి వెలుతురు సరిచేస్తారు. నేను వెళ్ళిన పూట ఆకు కోసే ఆడవాళ్ళు వరస చివర కూర్చుని కట్టలు కడుతున్నారు.

నా పని ఉపగ్రహ చిత్రాలు చూసి, నేల మీద ఏముందో రాయడం. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఒక చిన్న ఆఫీసులో పదకొండేళ్ళు చేశాను, ఇప్పుడు ఇంట్లోంచే చేస్తున్నాను. ప్రపంచం మొత్తానికీ తయారుచేసే ల్యాండ్ కవర్ మ్యాపులు ఎంతవరకు సరిగ్గా ఉన్నాయో చూడాలంటే, అక్కడక్కడా కొన్ని పాయింట్లు ఎంచుకుని ఆ చోట నిజంగా ఏముందో మనిషి చూసి రాయాలి. ఆ రాసే మనుషుల్లో నేనొకదాన్ని. తోటలో పాయింటు మాత్రం ఎవరూ ఇచ్చింది కాదు. కొత్తగా వచ్చిన తరగతుల జాబితా మా ఊళ్ళో ఎట్లా పనిచేస్తుందో చూద్దామని నేనే పెట్టుకున్నాను. జాబితాలో చెట్లు, పొదలు, గడ్డి, పంట, కట్టడాలు, ఖాళీ నేల, నీరు ఉన్నాయి. ఒకటే ఎంచాలి.

"ఏందమ్మాయ్, అంతసేపు చూస్తన్నావు? తమలపాకు తోట అని రాస్తే అయిపోయిద్ది గదా," అన్నాడు పెదనాన్న.

"ఆ గడి లేదు పెదనాన్నా. చెట్లా, పంటా అని అడుగుతోంది."

"చెట్టు తీగకి నిలువు. తీగ పంట. రెండూ ఉన్నయ్యి గదా, రెండూ రాయి."

రెండూ రాయి అన్నమాట ఆయనకి మామూలు మాట. నేల లెక్కలు రాసే లోకం ఆ మాట దగ్గరికి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతే ఇక్కడ రాద్దామని కూర్చున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. నేల మీద పైకి కనపడేది ల్యాండ్ కవర్. ఆ నేలని మనం దేనికి వాడుకుంటున్నామో అది ల్యాండ్ యూజ్. తుమ్మచెట్లు కవర్, మేకలు మేపుకునే బీడు అనడం యూజ్. పైనుంచి ఉపగ్రహానికి కనపడేది మొదటిదే. రెండోది ఊళ్ళోకి వచ్చి అడిగితే తెలుస్తుంది, లేకపోతే అడంగల్ చూస్తే తెలుస్తుంది. 1976లో అమెరికా జియలాజికల్ సర్వే తెచ్చిన ఆండర్సన్ పద్ధతిలో పైస్థాయిలో తొమ్మిది తరగతులుండేవి, అందులో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. అందులో పండ్లతోట వ్యవసాయం కిందకి వచ్చేది. ఇప్పుడు యూరప్ అంతరిక్ష సంస్థ ఇచ్చే వరల్డ్‌కవర్ మ్యాపులో పంట అంటే ఏడాదిలోపు వేసి కోసేది మాత్రమే. ఏళ్ళ తరబడి నిలిచే చెట్టు పంట చెట్ల కిందకే పోతుంది. అంటే నూజివీడు మామిడితోట ఒక పద్ధతిలో వ్యవసాయం, ఇంకో పద్ధతిలో చెట్లు. మన దేశపు అటవీ సర్వే లెక్కలో హెక్టారు మించి, పది శాతం పైన చెట్ల నీడ ఉంటే, సొంతదారు ఎవరైనా ఏ చెట్టయినా అది అటవీ విస్తీర్ణంలోకి వస్తుంది. అదే మామిడితోట మూడోచోట అడవి లెక్కలో కలుస్తుంది. తోటలో ఒక్క కొమ్మ కదల్లేదు. పేరు మాత్రం మూడుసార్లు మారింది.

మామిడి సంగతి పక్కన పెట్టినా, మన వరి సంగతి ఇంకా కష్టం.

మా చేను ఎకరం ఇరవై సెంట్లు, పడమటి కాలవ కింద మాగాణి. కాలవకి నీళ్ళు వదిలాక దమ్ము చేస్తారు, నాట్లు పడతాయి. ఆ రోజుల్లో పైనుంచి చూస్తే అది అచ్చంగా చెరువే. మబ్బుల్లోంచి కూడా చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రంలో ఆ నీళ్ళు నల్లగా అద్దంలా కనపడతాయి. అక్టోబరు కల్లా ముదురు పచ్చ. కోతకి రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, ఆ తడిలో మినుములు చల్లుతారు. వరి కోసేశాక మోళ్ళ మధ్యలోంచి మినుము లేస్తుంది. జనవరిలో చేను మళ్ళీ పచ్చన, ఈ పచ్చ మోకాలెత్తు కూడా ఉండదు. మార్చిలో మినుము పీకేశాక ఏప్రిల్, మే నెలల్లో నెర్రెలిచ్చిన రేగడి, ఎక్కడైనా ఓ గడ్డి పరక. ఒక్క చేను ఏడాదిలో నీరు, పంట, మోడు, పంట, ఖాళీ నేల. ఇది మారిపోతున్న నేల కాదు. తాతలనాటి నుంచి ఇట్లాగే ఉన్న నేల. ఏడాది పొడుగునా ఆ వరస పట్టుకుంటేనే అది మాగాణి అని తెలుస్తుంది. ఏ ఒక్క రోజు చిత్రం చూసినా తప్పే రాస్తాం.

ఇక ఈ చేనుకి ప్రపంచ మ్యాపులు పెట్టిన పేర్లు చూడండి. వరల్డ్‌కవర్ లెక్కలో ఇది పంట. మ్యాపుల సాఫ్ట్‌వేర్ చేసే ఎస్రీ కంపెనీ వాళ్ళ పది మీటర్ల మ్యాపు నిర్వచనాల్లో వరి మడిని నీళ్ళలో మునిగిన వృక్షజాలం అనే తరగతికి ఉదాహరణగా రాశారు, మడ అడవి కూడా అందులోనే ఉంటుంది. యూరప్ అంతరిక్ష సంస్థ వాళ్ళదే, వాతావరణ మార్పు అధ్యయనం కోసం తీసిన సీసీఐ మ్యాపులో నీరు పెట్టిన లేక వరద తర్వాతి పంటభూమి అని వేరే తరగతి ఉంది. ఒకరి మ్యాపులో తెనాలి, రేపల్లె ప్రాంతం మొత్తం పొలం. ఇంకొకరి నిర్వచనం పట్టుకుంటే అదే ప్రాంతం నిజాంపట్నం మడ అడవితో ఒకే రంగులో కలిసిపోవచ్చు. తయారుచేసిన వాళ్ళలో ఎవరూ అశ్రద్ధగా చేయలేదు. ఎవరి అవసరానికి వాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. చిక్కంతా రెండు మ్యాపుల్నీ పక్కపక్కన పెట్టి, 'ఇక్కడ ఇంత పొలం పోయింది, ఇంత తడినేల పెరిగింది' అని లెక్క తీసినప్పుడు వస్తుంది.

నాకు అది చేదు అనుభవం. ఎనిమిదేళ్ళ కిందట మా ఆఫీసుకి కోస్తా మీద ఒక పెద్ద పని వచ్చింది. ఇచ్చిన సంస్థ పేరు రాయను. తరగతుల జాబితా ఒక పేజీ, ఒక్కో తరగతికీ ఒక్కో వాక్యం నిర్వచనం. పాత సంవత్సరం చిత్రాలు మేం చూశాం, కొత్త సంవత్సరం చిత్రాలు వేరే రాష్ట్రంలో ఇంకో బృందం చూసింది. వన్నామి రొయ్యల చెరువుల దగ్గర మేం 'సాగు' అని రాశాం. అక్కడ కౌలు ఉంది, మేత ఉంది, పంటకాలం ఉంది, మన రైతులు దాన్ని 'పంట' అనే అంటారు. అవతలి బృందం 'నీరు' అని రాసింది. నీళ్ళు కనపడుతున్నాయి మరి. పంటకీ పంటకీ మధ్య ఎండబెట్టిన చెరువుల్ని ఇంకొందరు 'ఖాళీ నేల' అని రాశారు. రెండూ కలిపి మార్పు లెక్క తీస్తే, నాలుగైదేళ్ళలో తీరం వెంట పొలాలు మునిగిపోయి నీళ్ళయిపోయినట్టు మ్యాపు మీద నీలం పరుచుకుంది. అది చూసి సముద్రం లోపలికొచ్చిందని ఒక చోట స్లయిడు కూడా తయారైంది. తప్పు మా బృందం మీదికి తోశారు. రెండు నెలలు జీతం లేకుండా ఆ పాయింట్లన్నీ మళ్ళీ చూశాం. నిర్వచనం రాసినవాళ్ళు ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే సరిపోయేది. ఏడాదిలో ఎన్ని నెలలు నీళ్ళుంటాయి, ఆ నీళ్ళు మనిషి పెట్టినవా అని. మాతో పనిచేసిన ఒక అమ్మాయి ఆ రెండు నెలల తర్వాత ఈ రంగమే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ కోపం నాలో ఇప్పటికీ తగ్గలేదు.

ఆ రెండు నెలల్లోనే నేను ఎల్‌సీసీఎస్, అంటే ల్యాండ్ కవర్‌ని తరగతులుగా విడదీసే పద్ధతి, దాని పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆఫ్రికా ఖండం మ్యాపుల కోసం ఆఫ్రికవర్ అనే పని పెట్టుకున్నప్పుడు పుట్టిన పద్ధతి అది. ఆంటోనియో డి గ్రెగోరియో, లూయిసా యాన్సెన్ అనే ఇద్దరు తయారుచేశారు. 2000లో పుస్తకంగా వచ్చింది, 2005లో సవరించారు. దాని తరవాతి రూపం 2012లో ఐఎస్‌ఓ, అంటే అంతర్జాతీయ ప్రమాణం అయింది. జీఎల్‌సీ2000, గ్లోబ్‌కవర్, సీసీఐ అనే ప్రపంచ మ్యాపుల తరగతులు ఈ పద్ధతి మీదే కట్టినవి.

అందులో నాకు నచ్చింది ఇది. పేరు ముందు పెట్టరు. ప్రశ్నలు ముందు అడుగుతారు, అందరూ అవే ప్రశ్నల్ని అదే వరసలో అడుగుతారు. మొదటి ప్రశ్న: పచ్చదనం ఉందా? ఏడాదిలో కనీసం రెండు నెలలపాటు కనీసం నాలుగు శాతం నేలని మొక్కలు కప్పితే ఉన్నట్టు. రెండో ప్రశ్న: అది పొడి నేలా, నీళ్ళ నేలా? మూడో ప్రశ్న: మనిషి పెట్టిందా, దానంతటదే వచ్చిందా? ఒక్కో ప్రశ్నకి రెండే జవాబులు, మూడు ప్రశ్నలకి ఎనిమిది గదులు. మన వరి చేను ఏ గదిలోకి వెళ్తుందో చూడండి. పచ్చదనం ఉంది, నీళ్ళ నేల, మనిషి పెట్టింది. సాగులో ఉన్న, నీళ్ళు నిలిచే నేల అని దానికి అచ్చంగా సొంత గది ఉంది. జొన్న చేను పక్క గదిలో, పొడి నేల సాగు. మాగాణి, మెట్ట! మన అమ్మమ్మలు ఏ గీతతో నేలని రెండు చేశారో, ఆ పుస్తకం రెండో ప్రశ్నలో అదే గీత గీసింది. మొదటిసారి అది చూసినప్పుడు పుస్తకం మూసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మడ అడవి నీళ్ళ నేలే కానీ దానంతటదే వచ్చింది, కాబట్టి వేరే గది. రొయ్యల చెరువులో పచ్చదనం లేదు, నీళ్ళున్నాయి, మనిషి తవ్వింది. ఇంకో గది. ఆ రెండు నెలలు మేం పడ్డ గొడవ మూడు ప్రశ్నల్లో తీరిపోతుంది.

తరవాతి అంచెలో గదిలోపల ఏముందో రాస్తారు. కట్టె ఉన్న మొక్కా, గడ్డి జాతా? ఎత్తెంత? నేలని ఎంత శాతం కప్పింది? ఆకు రాలుస్తుందా? కింద ఇంకో పొర ఉందా? పొరల్ని విడివిడిగా రాసుకోవచ్చు. అందుకే పెదనాన్న మాట నాకు అంత గట్టిగా తగిలింది. పై పొర: అవిశె, కట్టె మొక్క, వరసలుగా నాటింది. దాన్ని పట్టుకుని: తీగ, అసలు పంట ఇదే. కింద: తడి మట్టి, కాలవలు. రెండూ రాయి అంటే ఇదే కదా.

ఎత్తు లెక్కలో చెట్టుకీ పొదకీ మామూలుగా అయిదు మీటర్ల గీత. చెట్టు రూపం స్పష్టంగా ఉంటే మూడు మీటర్లకి కూడా చెట్టు అనుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. తోటలో అయిదు మీటర్ల వెదురు గడ నిలబెట్టి చూశాను. కొమ్మలు నరికిన వరస ఒకటి గడకంటే కిందే ఆగింది, నరకని వరస గడని దాటి పోయింది. ఒకే తోటలో గీతకి అటూ ఇటూ! కొలిచి అంకె రాసుకున్నాను, చెట్టా పొదా అన్నది రాయలేదు. అంకె చేతిలో ఉంటే రేపు ఎవరు గీత ఎక్కడ గీసినా నా పాయింటు పనికొస్తుంది. పేరు ఒక్కటే రాసి పెడితే, గీత మారిన రోజున నా పాయింటు పారేయాల్సిందే.

ఈ గీతల వల్ల ఎంత తేడా వస్తుందో కొండవీడు వెళ్ళే దారిలో అర్థమవుతుంది. అనుకోవడానికి, కొండ వాలు మీద ఒక చోట చెట్ల నీడ నేలలో ముప్పై అయిదు శాతం కప్పిందనుకుందాం. మోడిస్ అనే ఉపగ్రహ కెమెరా చిత్రాలతో తీసిన మ్యాపులో వాడే ఐజీబీపీ అనే తరగతుల్లో అడవి అనాలంటే అరవై శాతం దాటాలి. ముప్పైకీ అరవైకీ మధ్య ఉంటే అది 'వుడీ సవానా', చెట్లున్న గడ్డిమైదానం. సీసీఐలో పదిహేను దాటితే చాలు, చెట్ల తరగతి. మన అటవీ సర్వేలో పది నుంచి నలభై లోపు పలచటి అడవి. కొండవీటి పిల్లాడికి సవానా అంటే సింహాలూ జిరాఫీలూ తిరిగే ఆఫ్రికా బొమ్మ గుర్తొస్తుంది. వాడి ఊరి కొండకి ఆ పేరు పెట్టి వాడికే చూపిస్తే మ్యాపుని నమ్ముతాడా? నీడ ముప్పై అయిదు శాతం అని రాస్తే మాత్రం ముగ్గురూ ఒప్పుకుంటారు.

కొలత చిన్నదయ్యే కొద్దీ ఈ తంటా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, కొంతవరకు నిజం. మన లెక్కల్లో చెప్తాను. మొదటి తరం ప్రపంచ మ్యాపుల్లో ఒక పిక్సెల్, అంటే చిత్రంలో ఒక చదరపు చుక్క, కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, అంటే 247 ఎకరాలు. 250 ఎకరాల లోపే ఉన్న చిన్న ఊళ్ళు మన దగ్గర లేవా? సీసీఐ 300 మీటర్ల పిక్సెల్ 22 ఎకరాలు. 30 మీటర్లదయితే 22 సెంట్లు. వరల్డ్‌కవర్ 10 మీటర్ల పిక్సెల్ రెండున్నర సెంట్లు, మనూళ్ళో ఇంటి స్థలమంత. మా పెదనాన్న తోట రెండున్నర సెంట్ల పిక్సెళ్ళలో పన్నెండు పిక్సెళ్ళుగా చక్కగా పడుతుంది. 22 ఎకరాల పిక్సెల్లో తోట, పక్కన వరి, గట్టు మీద తాళ్ళు, మధ్యలో డొంక, ఒక ఇటుకబట్టీ అన్నీ కలిసి ఒక్క రంగు. దానికోసమే 'మొజాయిక్' అనే తరగతి పెట్టారు, పంట సగం పైన, సహజ వృక్షజాలం సగం లోపు అని. నాకు ఆ తరగతి గిట్టదు. గుంటూరు జిల్లా రైతు కమతాలు చూస్తే ఎక్కడ పిక్సెల్ పెట్టినా మొజాయికే వస్తుంది. ఏముందో చెప్పలేనప్పుడు 'అన్నీ ఉన్నాయి' అని రాసినట్టు ఉంటుంది అది. ఎంత పాలు ఏదో అంకెల్లో రాయమంటే మళ్ళీ పనికొస్తుంది.

పిక్సెల్ చిన్నదైనా ప్రశ్న సరిగ్గా లేకపోతే తప్పు పోదు, సన్నగా కనపడుతుందంతే. వరల్డ్‌కవర్ 2021 మ్యాపు మొత్తం ఖచ్చితత్వం 76.7 శాతం అని తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. పదకొండు తరగతులతో ప్రపంచం మొత్తానికి అది మంచి అంకె. ఆ మిగతా పాతికలో ఎంత కంప్యూటరు తప్పో, ఎంత మాలాంటి వాళ్ళం ఒకే నేలకి రెండు పేర్లు రాయడం వల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

మూడో ప్రశ్న, మనిషి పెట్టిందా దానంతటదే వచ్చిందా అన్నది, మన దగ్గర ఇంకో చిక్కు తెస్తుంది. అమరావతి కోసం 2015లో రైతులు ముప్పై మూడు వేల ఎకరాల పైన భూమి ఇచ్చారు. ఉద్దండరాయునిపాలెం, వెలగపూడి, మందడం వైపు నేలలు ఎట్లాంటివో చూసినవాళ్ళకి తెలుసు, అరటి, కూరగాయలు, మల్లెలు. పనులు ఆగిపోయిన ఏళ్ళలో అక్కడ సర్కారు తుమ్మ లేచింది. కరకట్ట మీంచి చూస్తే మనిషి దూరడానికి లేనంతగా కమ్ముకుంది. 2024లో ఆ కంప కొట్టించడం మొదలుపెట్టారు. మధ్యలో ఏదో ఒక సంవత్సరం అక్కడ ఒక పాయింటు నాకొచ్చింది. పచ్చదనం ఉంది. పొడి నేల. దానంతటదే వచ్చింది. కాబట్టి సహజ వృక్షజాలం, పొద. నేను అట్లాగే రాశాను, అది సరైన జవాబే. కవర్ అడిగారు, కవర్ చెప్పాను. కానీ ఆ నేల చరిత్ర తెలిసిన మనిషిగా ఆ 'సహజ' అన్న మాట రాస్తుంటే చెయ్యి ఆగింది. అక్కడ ఏముందో చెప్పడం ఒక పని, ఎందుకుందో చెప్పడం ఇంకో పని. రెండో గడి విడిగా ఉండాలి, మొదటి గడిలో దాన్ని కలపకూడదు. కలిపిన రోజున, నేల చూడకుండానే కాయితం చూసి పేరు రాసేస్తాం.

కాలం సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళు మేడ మీద మూడు రాత్రులున్నారు. ఆ వారం మబ్బు విడిచాక వచ్చిన చిత్రం తెరిచాను. వీధులు, ఆటోస్టాండు, నేను చిన్నప్పుడు ఆడుకున్న ఖాళీ స్థలం అన్నీ ఒకే బురద రంగు. చిత్రం చిత్రానికీ తరగతి చెప్పే డైనమిక్ వరల్డ్ లాంటి మ్యాపు ఆ రోజున అక్కడ నీరు అంటే అది నిజమే. ఏడాది మొత్తానికి తీసే మ్యాపు అక్కడ కట్టడాలు అంటుంది, అదీ నిజమే. ఏడాదిలో ఎన్ని నెలలు అన్న మాట నిర్వచనంలో ఉన్నప్పుడు ఈ రెండు నిజాలకీ తగువుండదు. వరల్డ్‌కవర్లో నీరు అనాలంటే తొమ్మిది నెలలు దాటి నీళ్ళుండాలి. సీసీఐ వాళ్ళయితే ఒక చోట మార్పు వచ్చిందనడానికి అది ఏడాదికేడాది నిలబడిందా అని చూస్తారు, లేకపోతే మన మాగాణి చేను ఏటా ఒకసారి చెరువైపోయి మళ్ళీ పొలమైనట్టు రాయాల్సి వస్తుంది. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. నెల రాయని ఏ పాయింటూ నేను ఒప్పుకోను. మా దగ్గర నేర్చుకునే పిల్లలు తేదీ లేకుండా పాయింటు పంపితే తిప్పి పంపేస్తాను, వాళ్ళకి కోపమొచ్చినా సరే.

ఎల్‌సీసీఎస్‌లోనూ లోపాలున్నాయి. సాగా, సహజమా అన్నది ఆకాశంలోంచి ఎప్పుడూ కనపడదు. వరసలు కనపడితే తోట అనుకుంటాం, కానీ పాత తాడితోపుల్లో వరసలుండవు, అయినా ప్రతి చెట్టుకీ గీసేవాడున్నాడు. అరటి ఇంకో తగువు. కొల్లిపర వైపు లంకల్లో అరటి తోట మనిషికి రెండింతలు ఎత్తు లేస్తుంది, పైనుంచి చెట్టులాగే కనపడుతుంది, కానీ కట్టె లేదు. కత్తి వేస్తే నీళ్ళు కారతాయి. గెల కోశాక ఆ మానుని కొట్టేస్తారు, పక్కన పిలక లేస్తుంది. మాలో ఇద్దరం చెట్టు అన్నాం, ఇద్దరం గడ్డి జాతి పంట అన్నాం. చివరికి 'కట్టె లేదు, ఎత్తు మూడు మీటర్లు దాటింది, వరసలుగా నాటింది, ఏడాది పైన ఉంటుంది' అని నాలుగు ముక్కలూ రాసి, పేరు వదిలేశాం. ఆ నాలుగు ముక్కలతో ఏ దేశపు పద్ధతిలోకైనా దాన్ని మార్చుకోవచ్చు.

ఇప్పుడు నేను వాడే ఫారం నేనే గీసుకున్నది. మొదటి గడి తేదీ. తరవాత నీళ్ళు: ఉన్నాయా, ఎన్ని నెలలుంటాయని పక్క రైతు చెప్పాడు. తరవాత పై పొర, కట్టె ఉందా, ఎత్తు, నీడ శాతం. కింది పొర, అదే వరసలో. మనిషి చెయ్యి ఎక్కడ కనపడుతోంది: గట్టు, వరస, కాలవ, నరికిన గుర్తు. నాలుగు దిక్కులా ఫొటో. ఆ ఊళ్ళో ఆ నేలని ఏమంటారో వాళ్ళ మాటలోనే. ఈ గడి మీద నాకు పట్టింపెక్కువ. చౌడు, గరువు, లంక, మెరక, పల్లం అన్న ఒక్కో మాటలో మట్టి, నీరు, ఎత్తు మూడూ ఉంటాయి. తరగతి పేరు ఆఖరి గడి. చాలాసార్లు ఇంటికొచ్చి, మిగతావన్నీ చదువుకుని, అప్పుడు నింపుతాను.

తమలపాకు తోట ఫారం ఆ రోజు అట్లాగే నింపాను. పెదనాన్న గడ పట్టుకున్నాడు, నేను టేపు చూశాను. నీడ శాతం ఎంతని అడిగితే ఆయన పైకి చూసి, "తీగ దింపినాక వచ్చి చూడు, ఇంకోలా ఉంటది," అన్నాడు. కాబట్టి తీగ దింపే రోజులకి మళ్ళీ వెళ్ళాలి. ఎప్పుడో కబురు చేస్తానన్నాడు. ఆఖరి గడి ఇంకా నింపలేదు.